ప్లాట్ కొనేముందు, పైపు పూడ్చేముందు, అమ్మని ఫ్లైట్ ఎక్కించేముందు: మ్యాప్స్ ఇలా వాడండి

గూగుల్ మ్యాప్స్ అంటే చాలామందికి ఒకటే పని, పెళ్ళికార్డు మీద ఉన్న ఫంక్షన్ హాల్ పేరు కొట్టి స్టార్ట్ నొక్కడం. నాకైతే దారి చూపించడం అందులో చిన్న పని అనిపిస్తుంది, కదలకుండా కూర్చుని ఒక చోటుని తీరిగ్గా చూడగలగడమే పెద్ద పని. చుట్టాలకీ ఫ్రెండ్స్‌కీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేవన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నా.

ముందు ప్లాట్ సంగతి, ఎందుకంటే పోతే లక్షల్లో పోయేది ఇక్కడే, అది చెరువులోనో నాలా మీదో వేసిన ప్లాట్ కాదు కదా అని చూసుకోవాలి. బ్రోకర్ వాట్సాప్‌లో లొకేషన్ పంపుతాడు కదా, దాన్ని ఓపెన్ చేసి శాటిలైట్ మోడ్ పెట్టి సరిగ్గా ప్లాట్ మీద వేలు నొక్కి పట్టుకోండి, రెండు పొడుగు నంబర్లు వస్తాయి, హైదరాబాద్ దగ్గరైతే మొదటిది 17 తో మొదలవుతుంది, వాటిని కాపీ చేసుకోండి. ఇప్పుడు కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో వేసుకోండి, 2015 నుంచీ ఫ్రీయే, ఆ నంబర్లు సెర్చ్‌లో పేస్ట్ చేసి పైన గడియారం బొమ్మ నొక్కితే ఒక స్లైడర్ వస్తుంది, దాన్ని వెనక్కి జరుపుతూ పోతే అదే చోటు పదేళ్ళ కింద, పదిహేనేళ్ళ కింద ఎలా ఉందో కనిపిస్తుంది. చూడాల్సింది ఎండాకాలం ఇమేజ్ కాదు, ఏప్రిల్‌లో ఏ చెరువైనా క్రికెట్ గ్రౌండ్ లాగే ఉంటుంది, అమ్మేవాళ్ళు చూపించడానికి తీసుకెళ్ళేది కూడా అప్పుడే. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ మధ్యవి వెతకండి, హైదరాబాద్ అయితే 2020 అక్టోబర్ వానల తర్వాత తీసిన ఇమేజ్ మీ ఏరియాకి దొరికితే మొదట అదే చూడండి.

నీళ్ళు అన్నిసార్లూ నల్లగానో నీలంగానో కనిపించాలని లేదు, ఇది గుర్తుపెట్టుకోండి. గుర్రపుడెక్క కమ్మేసిన చెరువు పైనుంచి చూస్తే పచ్చటి వరిపొలంలా ఉంటుంది, తేడా ఏంటంటే పొలానికి గట్లు గళ్ళుగళ్ళుగా కనిపిస్తాయి, డెక్కకి గట్లుండవు. అలాగే ఒకవైపు వంపు తిరిగి చెట్లతో ఒక గీత కనిపిస్తే అది చెరువు కట్ట అయ్యుండొచ్చు, మీ ప్లాట్ ఆ వంపుకి లోపలివైపు ఉంటే అక్కడే ఆగిపోండి, అడ్వాన్స్ ఇవ్వొద్దు. సన్నటి నల్లగీత ఒకటి పాత ఇమేజ్‌లో ఉండి కొత్త లేఅవుట్‌లో మాయమైతే అది పూడ్చేసిన నాలా అవ్వడానికి చాలా ఛాన్స్ ఉంది. హెచ్ఎండీఏ వాళ్ళ లేక్స్ వెబ్‌సైట్‌లో చెరువుల ఎఫ్‌టీఎల్ మ్యాపులు, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో చూపించేవి, పెట్టారు, మీరు చూసింది దాంతో ఒకసారి పోల్చుకోండి.

ఈస్ట్ ఫేసింగ్ అని చెప్పిన ప్లాట్‌ని కూడా ఇక్కడే తేల్చుకోవచ్చు. బ్రోచర్‌లో లేఅవుట్‌ని పేజీలో పట్టేలా తిప్పి వేస్తారు, నార్త్ బాణం ఏదో మూల చిన్నగా ఉంటుంది, అందుకే మ్యాప్‌లో దిక్సూచి బొమ్మ నొక్కండి, ఉత్తరం పైకి వచ్చేస్తుంది, అప్పుడు ప్లాట్‌కి కుడిపక్కన రోడ్డుంటే తూర్పు. వాస్తు నమ్మినా నమ్మకపోయినా మధ్యాహ్నం ఎండ ఎటు కొడుతుందో తెలుసుకోవడం మంచిదే.

కొలత కూడా వస్తుంది. కంప్యూటర్‌లో రైట్ క్లిక్ చేసి మెజర్ డిస్టెన్స్ అని కొట్టి మూలమూలకీ క్లిక్ చేస్తూ వచ్చి మళ్ళీ మొదటి చుక్క మీద నొక్కితే వైశాల్యం చూపిస్తుంది, చదరపు మీటర్లలో వచ్చిన దాన్ని 1.196 తో గుణిస్తే గజాలు, ఆ గజాల్ని 121 తో భాగిస్తే గుంటలు, 48.4 తో భాగిస్తే సెంట్లు. అంటే 1000 చదరపు మీటర్లు వస్తే 1196 గజాలు, దగ్గరదగ్గర 10 గుంటలు, 24.7 సెంట్లు. ఇది అంచనాకి మాత్రమే, హద్దు గొడవల్లో ఈ స్క్రీన్‌షాట్ పట్టుకుని పక్క పొలం ఆయన మీదకి వెళ్ళకండి, ఇమేజ్ కొన్ని మీటర్లు అటూఇటూ జరిగి ఉంటుంది, హద్దు తేల్చేది సర్వేయరూ, పొలం కొలతలుండే సర్వే రికార్డు ఎఫ్ఎంబీ మాత్రమే.

పొలం ఉన్నవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఇంకొకటి. బోరు నుంచి పైపులైను వేస్తారు, గేట్‌వాల్వులు పెడతారు, కందకం పూడ్చేస్తారు, నాలుగేళ్ళకి ఎక్కడో లీకైతే ఏ మూల తవ్వాలో ఎవరికీ గుర్తుండదు, వేసిన మేస్త్రీ ఎక్కడున్నాడో తెలీదు. కందకం తెరిచి ఉన్నప్పుడే ఫోన్ పట్టుకుని లైన్ వెంట నడవండి, ప్రతి మలుపు దగ్గరా ప్రతి వాల్వు దగ్గరా ఆగి నీలం చుక్క కుదురుకున్నాక పిన్ సేవ్ చేసి దానికి పేరు పెట్టండి, "పెద్దబోరు వాల్వు 2" అని తెలుగులోనే పెట్టొచ్చు. ఫోన్ జీపీఎస్ ఆకాశం బాగా కనిపించే చోట కూడా 5 మీటర్ల దాకా తేడా చూపిస్తుంది కాబట్టి పిన్ ఒక్కటే చాలదు, కరెంటు స్తంభం నుంచో వేపచెట్టు నుంచో టేపుతో కొలిచి ఆ అడుగులు కూడా ఆ పిన్ నోట్‌లో రాయండి, కందకంలో పైపు కనిపించేలా ఒక ఫొటో తీసి పెట్టుకోండి. లైన్ మొత్తం గీతలా కావాలంటే కంప్యూటర్‌లో గూగుల్ మై మ్యాప్స్ తెరిచి గీసుకోవచ్చు, తమ్ముడికీ కౌలు రైతుకీ లింక్ పంపొచ్చు.

ఇక స్ట్రీట్ వ్యూ, అంటే రోడ్డు మీద నిలబడి చూసినట్టు వీధి ఫొటోలు చూపించేది. అమెరికాలో 2007లో మొదలైంది, మనదగ్గర 2011లో బెంగళూరులో కార్లు తిరగడం మొదలుపెడితే పోలీసులు ఆపేశారు, 2016లో కేంద్రం ఒప్పుకోలేదు, చివరికి 2022 జూలైలో మన దేశపు కంపెనీలు తీసిన బొమ్మలతో పది నగరాల్లో వచ్చింది, అందులో హైదరాబాద్ ఉంది. లేయర్స్ గుర్తు నొక్కి స్ట్రీట్ వ్యూ ఆన్ చేస్తే నీలం గీతలు వస్తాయి, గీత ఉన్న రోడ్డు మీద దిగి చూడొచ్చు, గీత లేకుండా నీలం చుక్కలు ఉంటే అవి ఎవరో పెట్టిన 360 డిగ్రీల ఫొటోలు, ఊళ్ళలో గుడి దగ్గరో స్కూల్ దగ్గరో ఇవి దొరుకుతుంటాయి.

అద్దె ఇల్లు వెతికేవాళ్ళకి ఇది చాలా టైం మిగులుస్తుంది. వీధిలోకి సామాన్ల డీసీఎం వ్యాన్ వస్తుందా, వాటర్ ట్యాంకర్ తిరుగుతుందా, గేటు ముందు ట్రాన్స్‌ఫార్మర్ ఉందా, ఇల్లు రోడ్డు కంటే పల్లంలో ఉందా, ఇవన్నీ అడ్వాన్స్ మాట్లాడకముందే తెలిసిపోతాయి. మూలన ఏ నెల ఏ సంవత్సరం తీశారో ఉంటుంది, అది చూడకుండా నమ్మొద్దు, హైదరాబాద్‌లో రెండేళ్ళలో వీధి రూపురేఖలే మారిపోతాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన వాడకం మాత్రం పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే అమ్మానాన్నలకి ముందే ఆ వీధి చూపించడం. అక్కడికి వెళ్ళి ఇంట్లోంచి బయటికి రాకుండా ఆరునెలలు కూర్చుని వచ్చేసే పెద్దవాళ్ళు ఎంతమందో, భయం ఒకటే, అన్ని ఇళ్ళూ ఒకేలా ఉంటాయి, తప్పిపోతే ఎవరిని అడగాలి, భాష రాదు. కొడుకుదో కూతురుదో ఇంటి అడ్రస్ కొట్టి టీవీ మీద పెద్దగా వేసి బయల్దేరడానికి నెలరోజుల ముందు నుంచే రోజూ కాసేపు నడిపించండి, గుమ్మం దిగాక ఎటు తిరగాలి, మూలన ఎర్ర స్టాప్ బోర్డు ఉంటుంది, అక్కడ కుడికి, రోడ్డు దాటాలంటే స్తంభానికున్న బటన్ నొక్కి మనిషి బొమ్మ వెలిగేదాకా ఆగాలి, ఆ తర్వాత పార్కు. ఫోనో మౌసో మీరు పట్టుకోకండి, వాళ్ళ చేతికే ఇచ్చి "ఇప్పుడెటు అమ్మా" అని అడగండి, నాలుగైదుసార్లకి వాళ్ళే చెప్పేస్తారు. మలుపుల దగ్గర స్క్రీన్‌షాట్లు తీసి తెలుగులో రాసి ప్రింట్ తీస్తే హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంటారు. గేటెడ్ అపార్ట్‌మెంట్ అయితే లోపలికి స్ట్రీట్ వ్యూ ఉండకపోవచ్చు, ఆ ముక్క పిల్లల్ని వీడియో తీసి పంపమనండి. పెద్ద ఎయిర్‌పోర్టులకి మ్యాప్ జూమ్ చేస్తే లోపలి ఫ్లోర్లు కూడా కనిపిస్తాయి, కనెక్టింగ్ ఫ్లైట్ ఉంటే అది కూడా చూపించండి.

ఇంకోటి ప్రాజెక్టుల కింద పోయిన ఊళ్ళు. సిద్దిపేట జిల్లాలో మల్లన్నసాగర్ కింద వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ లాంటి ఊళ్ళు పోయాయి, ఇప్పుడు మ్యాప్‌లో ఆ చోటుకి వెళ్తే కనిపించేది నీళ్ళే. కానీ గూగుల్ ఎర్త్‌లో స్లైడర్‌ని 2018కో అంతకు ముందుకో జరిపితే ఊరు ఊరంతా ఉంటుంది, వీధులు, ఇళ్ళ కప్పులు, చెట్లు. మీది అలాంటి ఊరైతే దయచేసి ఈ పని వాయిదా వేయకండి, పెద్దవాళ్ళు ఉండగానే పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో కప్పు మీద పిన్ పెడుతూ ఇది ఎవరి ఇల్లు, బొడ్రాయి ఎక్కడ, పోచమ్మ గుడి ఎక్కడ, చేదబావి ఎక్కడ అని అడిగి పేర్లు రాయించుకోండి, వాళ్ళు చెప్తున్నప్పుడు ఫోన్లో వాయిస్ రికార్డ్ కూడా పెట్టండి. అయ్యాక ఆ పిన్‌లన్నీ పెట్టిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి సేవ్ ప్లేస్ యాజ్ కొడితే గూగుల్ ఎర్త్‌లో తెరుచుకునే కేఎంజెడ్ ఫైల్ వస్తుంది, దాన్ని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి, తెలిసినవాళ్ళు ఇంకా కలుపుతారు.

శ్రీశైలం డ్యాం కింద 1980ల మొదట్లో పోయిన ఊళ్ళకి ఇలా కుదరదు, ఎర్త్‌లోని టైమ్‌లాప్స్ 1984 నుంచే ఉంది, అది కూడా ఇల్లు కనిపించేంత స్పష్టంగా ఉండదు. దానికి వేరే దారి ఉంది. అమెరికా ఆర్మీ మ్యాప్ సర్వీస్ 1950ల్లో వేసిన ఇండియా మ్యాపులు టెక్సస్ యూనివర్సిటీ లైబ్రరీ సైట్‌లో ఫ్రీగా దొరుకుతాయి, మీకు కావాల్సిన షీట్ దించుకుని ఎర్త్ ప్రోలో యాడ్ మెనూలో ఇమేజ్ ఓవర్‌లే కొట్టి మీద పరవండి, మునగని గుర్తులు రెండు మూడు, అంటే కొండ శిఖరమో నది మలుపో, పట్టుకుని సరిచేసి పారదర్శకత తగ్గిస్తూ పెంచుతూ చూస్తే ఊరు నీళ్ళల్లో ఏ చోట ఉందో తెలుస్తుంది. పేర్లు అప్పటి ఇంగ్లీషు స్పెల్లింగుల్లో ఉంటాయి, కాస్త ఓపిక పట్టాలి. ఆ వైపు ఎండాకాలం ఇమేజ్‌లు కూడా తిప్పి చూడండి, డ్యాంలో నీళ్ళు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడుతుంది కదా, అలాగే కొన్ని పాత ఊళ్ళ ఆనవాళ్ళు కూడా తేలతాయి.

గుర్తున్న కాస్త దాంతో చోటు వెతకొచ్చా అంటే వెతకొచ్చు, సరూ బ్రియర్లీ అదే చేశాడు. చిన్నప్పుడు రైల్లో తప్పిపోయి కలకత్తా చేరి ఆస్ట్రేలియాలో పెరిగాడు, రైల్లో సుమారు ఎన్ని గంటలున్నాడో, ఆ రోజుల్లో రైలు ఎంత స్పీడులో వెళ్తుందో లెక్కేసి కలకత్తా చుట్టూ ఒక వృత్తం గీసుకుని, గూగుల్ ఎర్త్‌లో రైలు పట్టాల వెంట వెతుకుతూ 2011లో మధ్యప్రదేశ్‌లోని ఖండ్వాలో తన ఇల్లు కనుక్కున్నాడు. తాతగారు పనిచేసిన ఊరో, నాన్న చదివిన స్కూలో వెతికేవాళ్ళకి కూడా పద్ధతి ఇదే, పేరు కాదు, ఆకారం గుర్తు తెచ్చుకోండి, స్టేషన్‌కి ఏ పక్క చెరువు, వంతెన దాటాక గుడి ఎటు, అలా.

ప్రయాణాల గురించి ఒక్కటే చెప్తా. తెలియని రూట్‌లో నీలం గీతని శాటిలైట్ మోడ్‌లో ఒకసారి మొత్తం జరిపి చూసుకుని బయల్దేరండి. కోనసీమ వైపు గీత గోదావరి మీదుగా పోతోందంటే అక్కడ వంతెన ఉండకపోవచ్చు, నర్సాపురం సఖినేటిపల్లి మధ్య లాగా పంటు రేవు (బండ్లని పడవ మీద దాటించే చోటు) అయ్యుండొచ్చు, రాత్రి పూట అక్కడికి చేరితే వెనక్కి తిరగాల్సిందే. 2024 నవంబర్‌లో యూపీలో బరేలీ దగ్గర వరదకి కొంత కొట్టుకుపోయిన వంతెన మీంచి కారు కింద పడి ముగ్గురు చనిపోయారు, నావిగేషన్ చూసుకుంటూ వెళ్ళారని వార్తల్లో వచ్చింది. నల్లమల, అరకు లాంటి చోట్లకి ఆఫ్‌లైన్ మ్యాప్ ఇంట్లో వైఫైలోనే దించుకోండి.

చివరగా మీ ఊరు మ్యాప్‌లో ఖాళీగా ఉంటే మీరే నింపొచ్చు. ఎవరైనా మార్పులు చేయగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అకౌంట్ తెరిచి ఎడిట్ కొడితే శాటిలైట్ బొమ్మ మీద వీధులు గీయొచ్చు, ఊరి పేరుకి తెలుగు పేరు కూడా విడిగా కలపొచ్చు, తండాల పేర్లూ వాడల పేర్లూ చాలాచోట్ల ఉండవు కాబట్టి ముందు వాటితో మొదలుపెట్టండి. వీధి బొమ్మలు కావాలంటే మ్యాపిల్లరీ యాప్ వేసి ఫోన్‌ని బైక్ హోల్డర్‌కి బిగించి ఊరంతా మెల్లగా ఒక రౌండ్ తిరగండి, పొద్దున పూట వెలుతురు వెనకనుంచి వచ్చేలా చూసుకుంటే బాగా వస్తాయి, మొహాలూ బండి నంబర్లూ అదే బ్లర్ చేస్తుంది. మనుషుల పేర్లతో ఇళ్ళకి పబ్లిక్‌గా పిన్‌లు పెట్టొద్దు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ ఇళ్ళయితే అసలే వద్దు. గూగుల్ స్ట్రీట్ వ్యూలో మీ ఇల్లు కనిపించడం ఇష్టం లేకపోతే రిపోర్ట్ ఎ ప్రాబ్లం నొక్కి ఇంటి మీద పెట్టెని సరిపెట్టి బ్లర్ అడగొచ్చు, కాకపోతే ఒకసారి బ్లర్ చేశాక మళ్ళీ తీయరు, ఇంట్లో అందరినీ అడిగాకే పంపండి.