చేనేత చిన్న వ్యాపారం న్యాయంగా నడపడం ఎలా?

ఒడిశాలోని బరంపురం వైపు నాలుగు మగ్గాలు పెట్టి కండువాలు, స్టోల్స్ నేయించాలనుకునేవాళ్లు ముందు రంగుల సంగతే అడుగుతారు. రంగు తర్వాత. ముందు ఒక నోటు పుస్తకం కొనండి.

మజూరీ లెక్క తేల్చండి. ఒకరోజు మగ్గం పక్కన కూర్చుని, స్టోల్‌కి ఎన్ని గంటలు పట్టిందో రాయండి. తెగిన పోగు అతికే టైమూ అందులోదే. తర్వాత ఇంట్లోకి తొంగిచూడండి. రాట్నం ముందు కండెలు (నేతకి కావాల్సిన నూలు చుట్టలు) చుట్టేది నేతగాడి భార్య, లేదంటే తల్లి. డబ్బు మాత్రం మగ్గం మీదున్నాయన జేబులోకే వెళ్తుంది. మేం కండెల కూలి విడిగా, చుట్టిన మనిషి చేతికే ఇస్తాం. "ఇంట్లో పనికి కూడా కూలేటి బాబూ!" అని ఒకాయన నవ్వాడు. రెండో నెల ఆయన భార్యే వచ్చి, పుస్తకం తిప్పి తన లెక్క సరిచూసుకుంది.

ఉదాహరణకి నూలు 150 రూపాయలు, రంగు 60, కండెలు 50, నేత 350, కుచ్చులు 40 అనుకుంటే స్టోల్ ఖర్చు 650. అద్దె, రవాణా, లాభం దీని పైన. బేరమాడేవాళ్లకి తగ్గించాల్సివస్తే లాభంలో తగ్గించండి, మజూరీ జోలికి వెళ్లకండి.

రంగు వేయండి. కిలో నూలుని చాకలి సోడా నీళ్లలో గంటసేపు ఉడికించి కడగండి. 200 గ్రాముల కరక్కాయ పొడి కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, కడక్కుండా నీడలో ఆరేయండి. మర్నాడు 150 గ్రాముల పటిక కరిగించిన వేడినీళ్లలో కొన్ని గంటలు ఉంచండి. తర్వాత దానిమ్మ తొక్కల కషాయంలో సన్నమంట మీద గంటసేపు ఉంచితే ఆవపిండి రంగు వస్తుంది. తొక్కలు జ్యూస్ బండి దగ్గరే దొరుకుతాయి.

పాచిరంగు కావాలంటే చిటికెడు అన్నభేది (ఇనుప ఉప్పు) చాలు. కిలోకి 20 గ్రాములు దాటొద్దు. రంగు చిక్కగా రావాలన్న ఆశతో నేను ఒకసారి గుప్పెళ్లతో వేశాను. ఆ నూలు మగ్గమెక్కగానే పుటుక్కు పుటుక్కుమని తెగిపోయింది. "ఇది నూలా, అప్పడమా?" అన్నాడు నేతగాడు. ఆ రోజు మజూరీ ఆయనకి పూర్తిగా ఇచ్చాం. తప్పు నాది కదా.

మైలుతుత్తం (రాగి ఉప్పు), క్రోమ్ ఉప్పు వద్దు. వంటింటి పసుపుతో రంగు కూడా వద్దు, ఎండకి వెలిసిపోతుంది. ఏ రంగైనా ముక్కగుడ్డ మీద వేసి, సగం అట్టతో మూసి వారం ఎండలో పెట్టి చూడండి. రసాయన రంగు వాడటం పాపమేం కాదు, కొనేటప్పుడు అజో ఫ్రీ (అజో రకం రసాయన రంగులు లేనిది) అని బిల్లు మీద రాయించుకోండి. క్యాన్సర్ భయమున్న కొన్ని అజో రంగుల్ని మన దేశంలో 1997లో నిషేధించారు.

నీళ్లు చెరువులో వదలకండి. పటిక నీళ్లని పారబోయకుండా, మరికొంచెం పటిక వేసి తర్వాతి వాయికి వాడుకోవచ్చు. ఆఖరి కడుగు నీళ్లు పక్కరోజు మొదటి కడుగుకి పనికొస్తాయి.

సరుకుకి కట్టే కార్డు మీద నిజమే రాయండి. మరమగ్గం గుడ్డకి రంగేసి చేనేత అనొద్దు. ఒడిశాలోనే కోరాపుట్ జిల్లా కోట్‌పాడ్ చేనేతకి 2005లో జీఐ (ఆ ఊరి సరుకు అని చెప్పే భౌగోళిక) గుర్తింపు వచ్చింది. ఆల్ చెట్టు వేరుతో ఎరుపు తీయడం అక్కడి మిర్గాన్‌ అనే నేతవాళ్ల విద్య. వాళ్ల అంచు కాపీకొట్టి 'కోట్‌పాడ్ స్టైల్' అని అమ్మితే అది దొంగతనమే, నా లెక్కలో.

ఆర్డరు ఒప్పుకునే ముందు క్యాలెండర్ చూడండి. వానాకాలం గుంటమగ్గాల్లో నీళ్లు ఊరతాయి, నేత ఆగుతుంది. అలాగే రెండేళ్లకోసారి బూఢీ ఠాకురాణి అమ్మవారి జాతర వస్తుంది. అది ఇక్కడి తెలుగు నేతవాళ్ల పండగే. ఆ రోజుల్లో డెలివరీ ఇస్తామని మాటిచ్చారంటే టెన్షన్ మీకు, రాత్రి పని వాళ్లకి. మేం జాతర జరిగే ఏడాదిలో ఏప్రిల్, మే పేజీల మీద ముందే అడ్డగీత కొట్టేస్తాం.