నాకు పొగ పడదు: దీపావళి నుంచి భోగి దాకా కొన్ని జాగ్రత్తలు

‘పడదు’ అనే మాటను మనం చాలా వాటికి వాడుకుంటాం. వంకాయ పడదు, చల్లగాలి పడదు, తోడికోడలితో పడదు. అందుకే ఉబ్బసం ఉన్నవాళ్లు ‘నాకు పొగ పడదండీ’ అంటే అదేదో అయిష్టంలా వినిపించి, ‘కాసేపు సర్దుకోండి’ అనేస్తారు. ఇరవై ఏళ్లుగా ఇన్‌హేలర్ జేబులో వేసుకుని తిరుగుతున్న నేను ఆ మాట వాడటం మానేశాను.

దీపావళి నుంచి భోగి దాకా మాలాంటివాళ్లకు గడ్డుకాలం. చలికాలపు రాత్రుల్లో నేల దగ్గరి గాలి చల్లబడుతుంది, పైన ఉన్న వెచ్చటి గాలి మూత వేసినట్టు నిలుస్తుంది. పొగ ఎటూ పోలేక మన ముక్కుల ఎత్తులోనే తిరుగుతుంది. వానలకు బలిసిన వయ్యారిభామ కలుపు మొక్క ఇంకా పూస్తూనే ఉంటుంది. విశాఖపట్నంలోనైతే ఏడాకులపాల చెట్ల పూల ఘాటు అదనం.

ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. పుప్పొడికి, ఇంటి దుమ్ముకు తుమ్ములు, కళ్ల దురద వస్తే అది అలర్జీ. దానికి సెట్రిజిన్ పనిచేస్తుంది. సిగరెట్, సాంబ్రాణి, టపాసుల పొగ వేరు. అది ఊపిరి గొట్టాలను నేరుగా రేపుతుంది, ఆ మాత్ర దాన్ని ఆపలేదు. పెళ్లికి బయల్దేరే ముందు ఒక సెట్రిజిన్ వేసుకుని ధైర్యంగా హోమగుండం పక్కనే కూర్చునేవాళ్లను చూశాను. ఆయాసానికి తోడు నిద్ర కూడా వస్తుంది, అంతే.

ఇన్‌హేలర్‌ను దీపావళికి ముందే చూసుకోండి. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే సాల్బుటమాల్ మందు డబ్బాలో సాధారణంగా 200 మోతాదులుంటాయి. అవి అయిపోయినా నొక్కితే ‘బుస్’మంటూనే ఉంటుంది, కానీ వచ్చే దాంట్లో మందు సరిగ్గా ఉండదు. నీళ్లలో వేసి తేలితే ఖాళీ అనుకునే పద్ధతినీ నమ్మవద్దు. డబ్బా మీద మొదలుపెట్టిన తేదీ రాసుకోండి, వాడకాన్ని బట్టి లెక్క తెలుస్తుంది. డాక్టరు రోజూ పీల్చమన్న మందును ‘బాగానే ఉన్నాను కదా’ అని ఈ నెలల్లో మానేయడమంత పొరపాటు లేదు.

తరువాత మన ఇల్లు. ఒక్క దోమల చుట్ట కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలోని ధూళికి సమానమని 2003లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. రాత్రంతా దాన్ని పీల్చి, పొద్దున అగరుబత్తి పొగలో పూజ ముగించి బస్సెక్కుతాం. అక్కడ ఎవరో బీడీ ముట్టిస్తే నేరమంతా అతనిదే అవుతుంది! దోమతెర కట్టుకుంటే సగం గొడవ వదులుతుంది.

బయట నేను పెట్టుకున్న నియమం ఇది. లేచి పక్కకు వెళ్లగలిగిన చోట నేనే వెళతాను. టీ బంకు దగ్గర, ఇతరుల ఇంట్లో పూజ దగ్గర నోరు విప్పను. కదలలేని చోట, అంటే బస్సులో, రైల్లో, ఏసీ హాల్లో మాత్రం అడుగుతాను, అదీ గుండెలు పట్టేయక ముందే. పట్టేశాక మాట రాదు.

ఒకసారి రైల్లో తలుపు దగ్గర ఒక పెద్దాయన బీడీ వెలిగించాడు. పూర్వం తువ్వాలు అడ్డం పెట్టుకుని గట్టిగా దగ్గేవాడిని. ఆ దగ్గు ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఈసారి ఇన్‌హేలర్ చేత్తో పట్టుకుని వెళ్లి, ‘బాబాయ్, నాకు ఉబ్బసం. ఈ పొగకు ఊపిరాడదు, కాస్త ఆర్పేస్తారా?’ అన్నాను. ఆయన బీడీ కొసను వేళ్లతో నలిపి, మిగిలిన ముక్కను చెవిమీద దోపుకుని, ‘ఇది ఎంతవుతుంది?’ అని ఇన్‌హేలర్ ధర అడిగాడు.

అందరూ అలా ఉండరు. 2008 అక్టోబరు 2 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం బస్టాండులో, రైల్వే స్టేషన్లో, ఆసుపత్రిలో, హోటల్లో పొగ తాగితే 200 రూపాయల దాకా జరిమానా. 30 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది కూర్చునే హోటల్లో పొగ తాగడానికి వేరే గది ఉండవచ్చు, దాని తలుపుకు దూరంగా బల్ల అడగండి. 200 రూపాయలకు ఎవరూ భయపడరు, నిజమే. కానీ కండక్టరుకో, టీటీఈకో చెప్పడానికి ఆధారం దొరుకుతుంది. రైల్లోనైతే 139కి ఫోను చేయండి. మీరు మాత్రం వాదనకు దిగకండి, ఆయాసం పెరుగుతుంది.

కార్తీక సోమవారం సాయంత్రం శివాలయంలో దీపాల పొగ కమ్ముకుంటుంది. మధ్యాహ్నమే దర్శనం చేసుకోండి. వనభోజనాల్లో గాడిపొయ్యి పొగ ఎటు పోతోందో చూసి అటు కాకుండా రెండో వైపున కూర్చోండి. చాప పరిచేచోట వయ్యారిభామ ఉంటే వట్టి చేతులతో పీకవద్దు, చర్మం కూడా రేగుతుంది. చేతిరుమాలు, తడిపినా సరే, సన్నటి పొగను ఆపదు. ముఖానికి బిగుతుగా అతుక్కునే ఎన్95 మాస్కు ధూళిని చాలావరకు ఆపుతుంది, ఘాటును ఆపదు.

ఇన్‌హేలర్ పీల్చినా తగ్గకపోయినా, ఒక వాక్యం పూర్తిచేయడానికి మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవలసి వస్తున్నా, పెదవులు నీలంగా మారినా ఇంట్లో చూద్దామనుకోకుండా 108కి ఫోను చేయండి.

ఇక భోగి. తెల్లవారుజామున మంట దగ్గరకు వెళ్లి టైర్లు వేయవద్దంటే ఎవరూ వినరు, అప్పటికే అందరూ హుషారు మీద ఉంటారు. ముందురోజు మధ్యాహ్నమే వీధి కుర్రాళ్లతో మాట్లాడి, టైర్లు, ప్లాస్టిక్, రంగు వేసిన కుర్చీలు పక్కన పెట్టించి, నా వాటాగా ఎండుకట్టెలు ఇస్తాను. కట్టెల పొగ మంచిదని కాదు, టైరు పొగ అంతకన్నా ఘోరం. రాత్రే కిటికీలు మూసి, ఎండ ఎక్కాకే తెరుస్తాను. పిడకల దండ మా అమ్మాయి తీసుకెళుతుంది. నేను అద్దం వెనక నుంచి చూస్తాను.