అన్నిటికీ 'స్థావరం' సరిపోదు: ఇంగ్లిష్ సైనిక పదాలను తెలుగు చేయడం

ఇంగ్లిష్ యుద్ధవార్తలో పోస్ట్, ఔట్‌పోస్ట్, గ్యారిసన్, బేస్... ఏది తగిలినా మనవాళ్లు 'స్థావరం' అని రాసేసి ముందుకెళ్తారు. పదిమంది కాపలా కాసే పాకకీ విమానాలు దిగే చోటుకీ తేడా లేకుండా పోతుంది. మాట ఎంచుకునేముందు ఆ చోటు ప్రధాన సేనకు ముందుందో వెనకుందో చూడండి.

పోస్ట్ అంటే సిపాయిని నిలబెట్టిన జాగా. ఔట్‌పోస్ట్ అంటే ప్రధాన సేనకు దూరంగా, శత్రువు వచ్చే దిక్కున ఉంచిన చిన్న కావలి. యుద్ధం గెలవడం దాని పని కాదు. ముందే పసిగట్టి కబురు పంపాలి, వీలైనంతసేపు అడ్డుకోవాలి. అది పోయినప్పుడు 'సైనిక స్థావరం పతనం' అని శీర్షిక పెడితే గోరంత కొండంతవుతుంది. 'ముందు కావలి' అనండి, లేదా ఔట్‌పోస్ట్ అనే ఉంచేయండి. బేస్ సాధారణంగా వెనక ఉండి మందుగుండు, ఇంధనం, తిండి అందిస్తుంది. స్థావరం అన్న మాట నప్పేది దీనికే. ఒక్కచోట మాత్రం జాగ్రత్త: అమెరికా ఆర్మీ తన శాశ్వత స్థావరాన్నే పోస్ట్ అంటుంది, వారి వైమానిక దళం బేస్ అంటుంది. అక్కడ పోస్ట్‌ని కావలి అని రాస్తే తప్పు.

గ్యారిసన్ అన్నప్పుడు ముందు మనుషులు, తర్వాతే చోటు. పట్టణానికో కోటకో రక్షణగా ఉంచిన సేన అది. 'గ్యారిసన్ లొంగిపోయింది' అంటే కోటలోని సేన లొంగిపోయిందని.

ఎక్కువమంది బోల్తాపడేది బ్రిడ్జ్‌హెడ్ దగ్గర. అందులో వంతెన పేరున్నా అది వంతెన కాదు. నది అవతల, శత్రువు వైపు ఒడ్డున చేజిక్కించుకున్న జాగా. వెనక వచ్చే దళాలు దిగడానికి చోటు. రెండో ప్రపంచయుద్ధంలో, 1945 మార్చి 7న జర్మనీలోని రెమాగెన్ దగ్గర రైన్ నదిపై వంతెన అమెరికన్ల చేతికి చిక్కింది. మార్చి 17న ఆ వంతెన కూలింది గానీ తూర్పు ఒడ్డున బ్రిడ్జ్‌హెడ్ చెక్కుచెదరలేదు. 'వంతెన స్థావరం' అని రాసినవారు ఈ రెండో వాక్యాన్ని ఎలా తెలుగు చేస్తారో! 'అవతలి ఒడ్డున పట్టు' అంటే సరిపోతుంది. సముద్రం మీదుగా వచ్చి తీరాన సంపాదించిన పట్టు బీచ్‌హెడ్. అదే యుద్ధంలో 1944 జూన్ 6న ఫ్రాన్స్‌లోని నార్మండీలో మొదలైంది అదే.

తవ్వినవాటిలో ఒకరిద్దరు దాక్కునే గుంత ఫాక్స్‌హోల్, పొడుగ్గా సాగేది ట్రెంచ్, అంటే కందకం. పైకప్పు ఉంటే బంకర్. కోట చుట్టూ ఉండే మోట్‌కు అగడ్త అన్న మాట ఉండనే ఉంది.

బాస్టియన్‌కు మనకు అచ్చమైన మాట బురుజు: కోటగోడ నుంచి బయటికి పొడుచుకొచ్చిన భాగం. ఎన్నికల వార్తలో ఫలానా పార్టీ బాస్టియన్ అని వస్తే మాత్రం బురుజు పనికిరాదు, కంచుకోట అనాలి.