పాత కారు రేడియో పలకడం లేదా? ముందు ఏరియల్‌ను (యాంటెనాను) అనుమానించండి

అంబాసిడర్‌కో, పద్మినికో పాత రేడియో దొరకగానే చాలామంది చేసే పని, తిన్నగా డ్యాష్‌బోర్డులో బిగించేయడం. అది పలకకపోతే తప్పు రేడియోదా, ఏరియల్‌దా, బండిదా తేలదు. అందుకే ముందు బల్ల మీద పెట్టి చూడండి. 12 వోల్టుల బ్యాటరీ, ఒక స్పీకరు, ఏరియల్‌కు బదులు మూడు నాలుగు మీటర్ల వైరు ఉంటే చాలు.

కరెంటు ఇచ్చేముందు రెండు విషయాలు చూసుకోవాలి. మొదటిది ఎర్త్, అంటే బ్యాటరీ ఏ కొస బండి బాడీకి కలిపి ఉందన్నది. పాత బ్రిటిష్ డిజైన్ బళ్లలో కొన్నిటికి బ్యాటరీ ప్లస్సే బాడీకి ఉంటుంది. ట్రాన్సిస్టర్ సెట్‌కు ఇది తారుమారైతే ఒక్క క్షణంలో పోతుంది. కొన్ని సెట్లలో ఎర్త్ మార్చుకునే చిన్న ప్లగ్గు ఉంటుంది, వెతకండి. రెండోది స్పీకరు. అది తగిలించకుండా సెట్ ఆన్ చేయొద్దు, లోపలి అవుట్‌పుట్ భాగం దెబ్బతింటుంది.

ట్రాన్సిస్టర్ సెట్ అయితే ప్లస్ వైరుకు మధ్యలో 21 వాట్ల ఇండికేటర్ బల్బు పెట్టండి. బల్బు ఫుల్లుగా వెలిగిందంటే లోపల షార్టు ఉన్నట్టే. వాల్వ్ సెట్‌కు (ట్రాన్సిస్టర్లకు బదులు గాజు వాల్వులతో పనిచేసే ఇంకా పాత రకం) మాత్రం ఈ చిట్కా పనికిరాదు. అది కొన్ని ఆంపియర్లు లాగుతుంది, బల్బు అడ్డంగా ఉంటే వోల్టేజి పడిపోతుంది. దానికి సరైన ఫ్యూజు వేస్తే చాలు.

వాల్వ్ సెట్‌లో డయల్ లైటు వెలుగుతుంది, శబ్దం లేదు

వాల్వులు వేడెక్కడానికి అర నిమిషం ఇవ్వండి. ఈలోగా చెవి దగ్గర పెట్టి వినండి. సన్నగా జుయ్‌మని వినిపించాలి. అది వైబ్రేటర్, 12 వోల్టులను రెండొందల పైచిలుకు వోల్టులుగా మార్చడానికి తోడ్పడేది. చప్పుడే లేకపోతే దాని పాయింట్లు (కలుస్తూ విడిపోతూ ఉండే లోహపు మొనలు) తుప్పు పట్టి ఉంటాయి. ఫ్యూజు పదేపదే పోతుంటే పాయింట్లు అతుక్కున్నాయేమో, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి బఫర్ కెపాసిటర్ షార్టయిందేమో చూడాలి. ఇన్నేళ్ల పాత కెపాసిటర్‌ను ఆన్ చేయకముందే మార్చేయడం మేలని నా అభిప్రాయం. పెద్ద ఫ్యూజు వేసి సరిపెట్టుకోవద్దు, ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. ఆ రెండొందల వోల్టులు చేతికి తగిలితే ప్రమాదం, అలవాటు లేనివాళ్లు మూత తీయకండి.

సుయ్‌మని వస్తుంది, స్టేషన్లు రావు

ముందు ఒక మాట. ఈ సెట్లలో చాలావాటికి ఎఫ్‌ఎం ఉండదు. హైదరాబాద్ వివిధ భారతి 102.8 కోసం ఎంత తిప్పినా లాభం లేదు. మీడియం వేవ్‌లో హైదరాబాద్ 738, విజయవాడ 837, విశాఖ 927 కిలోహెర్ట్జ్ దగ్గర వెతకండి. డయల్ మీటర్లలో ఉంటే 738 అంటే దాదాపు 406.

అక్కడా రాకపోతే ఏరియల్ ప్లగ్గు ఊడదీసి, సాకెట్ నడిమి భాగానికి స్క్రూడ్రైవర్ మొన తాకించండి. స్పీకర్లో టకటక గట్టిగా వినిపిస్తే రేడియో చాలావరకు బాగున్నట్టే. ఇక ఏరియల్ సంగతి చూడాలి.

ప్లగ్గు ఊడి ఉండగానే మల్టీమీటర్‌తో మూడు కొలతలు తీయండి. ఏరియల్ కడ్డీ కొస నుంచి ప్లగ్గు నడిమి పిన్నుకు దాదాపు సున్నా ఓమ్‌లు రావాలి. పిన్ను నుంచి ప్లగ్గు బయటి లోహానికి అసలు కలవకూడదు. బయటి లోహం నుంచి బండి బాడీకి మళ్లీ సున్నా రావాలి. నా బండిలో దొరికిన తప్పు ఈ మూడోదే. కొత్తగా రంగు వేయించిన మడ్‌గార్డు మీద ఏరియల్ బిగించారు, కింద వాషర్ రంగు మీదే కూర్చుంది, ఎర్త్ అందలేదు. నేను నెల రోజులు రేడియోనే విప్పుతూ కూర్చున్నాను. వాషర్ కింద ఎమరీ పేపరుతో రుద్దితే పది నిమిషాల్లో పాట వచ్చింది.

కేబుల్ తెగితే టీవీ కేబుల్ అతికిస్తుంటారు. మీటర్‌లో బాగానే చూపిస్తుంది, స్టేషన్ మాత్రం నీరసంగా వస్తుంది. దాని కెపాసిటెన్స్ ఎక్కువ, కడ్డీ పట్టిన కాస్త సిగ్నల్‌నూ మింగేస్తుంది. కారు ఏరియల్ కేబులే వేయండి. తర్వాత కడ్డీ పూర్తిగా లాగి, డయల్ 1400 కిలోహెర్ట్జ్ దగ్గర బలహీనమైన స్టేషన్ పెట్టి, ఏరియల్ సాకెట్ పక్కనుండే చిన్న స్క్రూను శబ్దం పెరిగేదాకా మెల్లగా తిప్పండి. చాలామంది వదిలేసేది ఈ పనే.

ఇంజన్ స్టార్ట్ చేస్తే గోల

ఏరియల్ ప్లగ్గు పీకండి. గోల ఆగిందా, అది ఏరియల్ దారిన వస్తోంది: ఇంజన్ స్పార్క్ ప్లగ్గులకు రెసిస్టర్ క్యాపులు, బానెట్‌కు ఎర్త్ పట్టీ వేయండి. ఆగలేదా, కరెంటు వైరు దారిన వస్తోంది. టపటపమంటే ఇగ్నిషన్ కాయిల్ దగ్గర, ఆక్సిలరేటర్‌తో పాటు కూత పెరిగితే డైనమో దగ్గర 0.5 మైక్రోఫారడ్ సప్రెసర్ కెపాసిటర్ వేయాలి. కాయిల్‌కైతే ఇగ్నిషన్ స్విచ్ వైరు వచ్చే వైపు, డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల వైపు కాదు. డైనమోకైతే లావు వైరు ఉన్న టెర్మినల్‌కు, ఫీల్డ్ టెర్మినల్‌కు కాదు.

ఇంజన్ ఆపినా గరగర పోకపోతే బండిని అనుమానించకండి. ఇంటి ఎల్‌ఈడీ లైట్లు, మొబైల్ ఛార్జర్లు మీడియం వేవ్‌ను బాగా పాడుచేస్తాయి. ఒకసారి ఊరి బయటికి తీసుకెళ్లి వినండి.