పాత కారు ఏసీకి కొత్త గ్యాస్: ముందు ఆయిల్ సంగతి చూడండి

చెన్నై ఎండల్లో ఏసీ లేని కారంటే పొయ్యి మీద పెనమే. మా 1992 కాంటెస్సాలో ఆర్-12 గ్యాస్ ఉండేది. అది ఓజోన్ పొరను తినేస్తుంది కాబట్టి 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత క్రమంగా ఆపేశారు. నేను ఆర్-134ఏ అనే కొత్త గ్యాస్‌కి మార్చాను.

మిగిలిన పాత గ్యాస్‌ను గాల్లోకి వదలకండి, గ్యాస్‌ను లాగి సిలిండర్‌లో పట్టే రికవరీ మెషిన్ ఉన్న చోట తీయించండి. అసలు పని ఆయిల్‌ది. పాత మినరల్ ఆయిల్ కొత్త గ్యాస్‌తో కలవదు, గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్‌కు తిరిగి చేరదు, చివరికి కంప్రెసర్ పట్టేస్తుంది. అందుకే కంప్రెసర్‌ను కారు నుంచి విప్పి, బోర్లించి, షాఫ్టును చేత్తో తిప్పుతూ ఆయిలంతా కార్చేయాలి. ఒక చుక్క తెల్ల గుడ్డ మీద వేసి చూడండి. మాది పల్చటి టీ రంగులో ఉంది, ఫర్వాలేదు. వెండి రజను మెరిసిందంటే మాత్రం కంప్రెసరే అరిగిపోయిందని అర్థం. అంతా బాగుంటే కొత్త గ్యాస్‌తో కలిసే ఎస్టర్ ఆయిల్ పోయండి.

ఓ-రింగులు (కీళ్ల దగ్గర లీకు ఆపే రబ్బరు రింగులు), డ్రయ్యర్ (తేమను పీల్చే డబ్బా) కొత్తవే వేయాలి. నేను చెన్నైలో కారు విడిభాగాలు దొరికే పుదుపేటలో కొన్నాను. 45 నిమిషాలు వాక్యూమ్ లాగించి (పంపుతో లోపలి గాలి, తేమ తీయించి), పంపు ఆపాక గేజ్ ముల్లు కదలడం లేదని, అంటే లీకు లేదని, కళ్లారా చూసుకోండి. కొత్త గ్యాస్, పాత ఆర్-12 పట్టే తూకంలో 80 నుంచి 85 శాతం చాలు. మెకానిక్ "ఇంకాస్త పోద్దాం సార్" అన్నా ఒప్పుకోకండి. ఎక్కువైతే ప్రెజర్ పెరిగి చల్లదనం తగ్గుతుంది.