అంపైర్ మాస్టారు అవుట్ల లెక్క తప్పితే ఏటి చెయ్యాలి?

మన శ్రీకాకుళం, విజయనగరం సైడు స్కూల్ గేమ్స్‌లో బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ ఆడే పిల్లలు చాలామంది క్రికెట్ నుంచి వచ్చినోళ్ళే. అందుకే అంపైర్ ఏటైనా తప్పు చేస్తే క్రికెట్ బుర్రతోనే ఆలోచిస్తారు. క్రికెట్‌లో అంపైర్ అయిదు బంతులకే ఓవర్ అనేసినా, ఏడు వేయించేసినా, క్రికెట్ రూల్స్ రాసే ఎంసీసీ క్లబ్ 17వ లా ప్రకారం ఆయన లెక్కే లెక్క. బేస్‌బాల్‌లో అవుట్లు అలగ కాదు. ముగ్గురు రూల్ ప్రకారం అవుటైతేనే ఆ టీమ్ బ్యాటింగ్ అయిపోయినట్టని బేస్‌బాల్ రూల్స్ పుస్తకం 5.09 రూల్లోనే ఉంది. అవుటా సేఫా అన్నది అంపైర్ జడ్జిమెంటు, దాని మీద గొడవ దండగ. ఎన్ని అవుట్లయ్యాయి అన్నది మాత్రం జడ్జిమెంటు కాదు, లెక్క, కాబట్టి అడగొచ్చు, సరిచేయించుకోవచ్చు, కానీ బేగి అడగాలి.

బేగి అంటే తర్వాత పిచ్ (పిచర్ బ్యాటర్‌కి వేసే బంతి) పడకముందే. బంతి డెడ్ అయ్యాక "టైమ్" అడగండి, ఒక్క కోచో లేదా కెప్టెనో వెళ్ళండి, తొమ్మిదిమందీ చుట్టుముట్టొద్దు. మన దగ్గర అంపైర్ అంటే పక్క స్కూల్ పీఈటీ మాస్టారో, కాలేజీ పీడీ గారో అయ్యుంటారు, రేపు ఇంకో మ్యాచ్‌కి కూడా ఆయనే వస్తారు. "లెక్క రాదా సార్ మీకు" అని మొదలెడితే ఇంక ఆయన మాట వెనక్కి తీసుకోడు, ఎవరైనా అంతే. "మాస్టారూ, అవుట్లు ఒకసారి చూద్దామండి, మా బుక్‌లో రెండే ఉన్నాయి, మొదటోడు స్ట్రైకవుట్, నాలుగోడు ఫస్ట్ బేస్ దగ్గర" అని ఒక్కొక్క అవుటూ ఎలగ పడిందో చెప్పండి. ఊరికే "రెండే, రెండే" అని అరిస్తే నమ్మరు, ఎవరు ఎలగ అవుటయ్యారో చెప్తే ఆయనకీ గుర్తొస్తాది. అప్పుడు ప్లేట్ అంపైర్ (బ్యాటర్ వెనక ఉండే ఆయన) బేస్ అంపైర్‌ని, స్కోరర్‌ని పిలిచి చూసుకుంటారు.

రెండే అవుట్లయితే మూడని చెప్పేసి సైడు మార్చేస్తున్నారనుకోండి, మీ పిల్లల్ని ఎక్కడోళ్ళక్కడ ఆపండి ముందు. రన్నర్లు బేస్ మీదే ఉండాలి, ఫీల్డర్లు గ్లోవులు పడేసి నీళ్ళ బిందె దగ్గరకి పరిగెత్తకూడదు (ఇది ఆపడమే కష్టం, మే నెలలో మరీను). అందరూ కదిలిపోయాక ఎవరు ఏ బేస్ మీదున్నారో అన్నదే ఇంకో తగువైపోతాది. అంపైర్లు మాట్లాడుకుని కాల్ మార్చుకుంటే, మొదటి కాల్ వల్ల జరిగినదాన్ని సరిచెయ్యడానికి, రన్నర్లని ఎక్కడ ఉండేవాళ్ళో అక్కడ పెట్టడానికి వాళ్ళకి 8.02 రూల్ అధికారం ఇస్తాది. బాల్స్ (బ్యాటర్ వదిలేసిన చెడ్డ బంతులు), స్ట్రైకుల (కొట్టలేకపోయిన, వదిలేసిన మంచి బంతులు) లెక్కకైతే అదే రూల్లో గడువు కూడా రాశారు: తర్వాత బ్యాటర్‌కి ఒక పిచ్ పడిపోతే ఇంక మార్చకూడదు, ఇన్నింగ్స్‌లో ఆఖరి బ్యాటర్ అయితే ఇన్‌ఫీల్డర్లందరూ (బేస్‌ల దగ్గరుండే ఫీల్డర్లు) ఫెయిర్ టెర్రిటరీ, అంటే ఫౌల్ గీతల లోపలి భాగం, దాటి వెళ్ళేలోపే. అవుట్లకీ ఈ గడువునే మనసులో పెట్టుకుని అడిగితే మంచిది.

తిరగేసి, మూడు అవుట్లయిపోయినా గమనించక ఇంకో బ్యాటర్‌ని ఆడించేసి, వాడు కొట్టేసి, పరుగులు కూడా వచ్చేసాయనుకోండి. మూడో అవుట్‌తోనే సగం ఇన్నింగ్స్ (ఒక టీమ్ బ్యాటింగ్) అయిపోయింది కదండీ, ఆ తర్వాత వచ్చినవి లెక్కలోకి రాకూడదు అన్నదే మీ వాదన, స్కోర్ బుక్ ముందు పెట్టి చెప్పండి. ఇక్కడొక తిరకాసుంది. రెండు అవుట్ల మీద మూడో బేస్ నుంచి వచ్చినవాడు హోమ్ ప్లేట్ (బ్యాటర్ దగ్గరుండే పలక, అది తొక్కితేనే పరుగు) తొక్కకుండా దాటేసాడు, వెనక వస్తున్న ఇంకొకడు మూడో బేస్ దగ్గర మూడో అవుట్ అయ్యాడు. అప్పుడు ఫీల్డింగ్ టీమ్ అప్పీల్ చేస్తే ఆ ప్లేట్ తొక్కనోడు నాలుగో అవుట్, మూడోదాని బదులు అదే నిలుస్తాది, పరుగు పోతాది. అది లెక్క తప్పు కాదు, రూలే. నాలుగు అవుట్లని వినగానే ఎగిరిపడకండి.

అసలు నష్టం మూడో అవుట్ దగ్గరే కాదు, మధ్యలోనే మొదలవుతాది, ఇది చాలామంది కోచ్‌లు పట్టించుకోరు. ఇన్‌ఫీల్డ్ ఫ్లై రూల్ (ఇన్‌ఫీల్డర్‌కి సులువైన క్యాచ్ లేస్తే, పట్టకపోయినా బ్యాటర్ అవుట్) రెండు కంటే తక్కువ అవుట్లున్నప్పుడే, అదీ ఫస్ట్, సెకండ్ రెంటిమీదా రన్నర్లుంటేనే. నిజంగా రెండు అయి ఉండి అంపైర్ ఒకటే అనుకుంటే, ఇన్‌ఫీల్డ్ ఫ్లై అని కేకేసి బ్యాటర్‌ని ఊరికే అవుట్ ఇచ్చేస్తాడు. మూడో స్ట్రైక్ క్యాచర్ చేతిలోంచి జారిపోతే, ఫస్ట్ బేస్ మీద రన్నర్ ఉన్నా సరే, రెండు అవుట్లయి ఉంటే బ్యాటర్ పరిగెత్తొచ్చు, ఒకటే అయితే కుదరదు. అంటే అవుట్ల లెక్క ఒకటి తేడా వస్తే ఆ మీద ఇచ్చిన కాల్ కూడా తేడా వస్తాది. అందుకే ప్రతి బ్యాటర్ వచ్చినప్పుడూ బేస్ కోచ్ గట్టిగా "అవుట్లెన్ని సార్?" అని అడిగెయ్యడమే మేలు, విసుక్కున్నా పర్లేదు.

బుర్రలో లెక్క ఎవరికైనా పోతాది. 1994లో లాస్ ఏంజెలెస్‌లో మేజర్ లీగ్ టీమ్ మాంట్రియల్ ఎక్స్‌పోస్ ఫీల్డర్ లారీ వాకర్ క్యాచ్ పట్టి, మూడు అయిపోయాయనుకుని బంతిని స్టాండ్స్‌లో కుర్రాడికిచ్చేశాడు, అప్పటికి రెండే. కాబట్టి ఒక గుంటడిని స్కోర్ బుక్ దగ్గర కూర్చోబెట్టి, ప్రతి అవుట్‌కీ ఆ గడిలో 1, 2, 3 అని సున్నా చుట్టించండి, సగం ఇన్నింగ్స్ అవ్వగానే అవతల టీమ్ బుక్‌తో సరిచూసుకోమనండి. రెండు అవుట్లని చూపేటప్పుడు చూపుడు వేలు, చిటికెన వేలు ఎత్తితే దూరంగా ఉన్న అవుట్‌ఫీల్డర్‌కీ కనిపిస్తాది. అంపైరింగ్ చేసేవాళ్ళ దగ్గర లెక్కపెట్టే క్లిక్కర్ లేకపోతే మూడు చింతపిక్కలు ఎడమ జేబులో వేసుకుని అవుటైనప్పుడల్లా ఒకటి కుడి జేబులోకి మార్చుకోండి, నవ్వుకుంటే నవ్వుకోనీయండి.

తప్పు మీకే కలిసొచ్చిందా, చెప్పెయ్యడమే నా సలహా. అవతలోళ్ళ బుక్‌లో కూడా ఉంటాది కదా, తర్వాత మొత్తం మ్యాచ్ మీద పేచీ పెట్టుకునే కంటే ఇప్పుడే తేలిపోవడం నయం.

ఎంత చెప్పినా వినకపోతే ఆట ఆపి కూర్చోవద్దు. ప్రొటెస్ట్ (అంపైర్ రూల్ తప్పాడని పెట్టే ఫిర్యాదు) అన్నది అమెరికా మేజర్ లీగ్‌లో 2020 నుంచి లేనేలేదు, మన టోర్నమెంట్లలో నిర్వాహకుల రూల్స్ ఎలగుంటే అలగే, అవి మ్యాచ్‌కి ముందే అడిగి ఉంచుకోండి. ప్రొటెస్ట్ ఒప్పుకుంటే తర్వాత పిచ్‌కి ముందే అంపైర్‌కి చెప్పి, ఏ ఇన్నింగ్స్, బ్యాటర్ ఎవరు, ఏ బేస్ మీద ఎవరు, స్కోరెంత, మీ లెక్కలో అవుట్లెన్ని, ఆయన లెక్కలో ఎన్ని, అన్నీ అక్కడికక్కడే రాయించి ఇద్దరు స్కోరర్ల చేతా సంతకం పెట్టించండి.