సాక్షిగా వెళ్తే బత్తా అడగండి

చీపురుపల్లిలో మాకు టీ కొట్టుంది. దాని ఎదుట జరిగిన యాక్సిడెంట్ కేసులో సాక్షిగా రమ్మని విజయనగరం కోర్టు నుంచి నాకు సమన్లు వచ్చాయి. మొదటి వాయిదాకి కొట్టు మూసుకుని వెళ్లి, సాయంత్రం దాకా కూర్చుని ఖాళీ చేతులతో వచ్చాను. బత్తా, అంటే సాక్షికిచ్చే ఖర్చుల డబ్బు, అడగొచ్చని అప్పటికి తెలియదు.

క్రిమినల్ కేసులో సాక్షికయ్యే న్యాయమైన ఖర్చుల్ని ప్రభుత్వం తరఫున ఇమ్మని కోర్టు ఆదేశించవచ్చు. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహితలో 350వ సెక్షన్ అదే. 2024 జులైకి ముందు పాత చట్టం సీఆర్‌పీసీలో 312గా ఉండేది. కాకపోతే అడగాలి.

సమన్ల కాగితం, రానుపోను బస్సు టికెట్లు దాచుకోండి. టికెట్లకు వెంటనే ఫోన్లో ఫొటో తీయండి, వాటి మీద అక్షరాలు తొందరగా వెలిసిపోతాయి. కోర్టుకు చేరగానే ప్రభుత్వం తరఫున వాదించే లాయరు ఏపీపీగారిని కలిసి బత్తా కావాలని చెప్పండి. సాక్ష్యం అయ్యాక జడ్జిగారికి మీరే విన్నవించుకోవచ్చు, టెన్షన్ పడకండి. కేసు వాయిదా పడినా సరే, మీరు హాజరైనట్టు రాయించుకున్నాకే బయల్దేరండి. రెండోసారి నేను అలాగే చేశాను.

సివిల్ కేసైతే మిమ్మల్ని పిలిపించిన పార్టీయే ఆ ఖర్చు ముందుగా కోర్టులో కట్టాలి. సమన్లు అందుకునేటప్పుడే డబ్బు సంగతి అడగండి.